తొలకరి మంటలు, పురుగుల చూపు

జనగామ చుట్టూ ఉన్న చెల్క భూముల్లో ఆముదం పాత పంట. దానికి పెద్ద శత్రువు ఎర్ర గొంగళి పురుగు. ఎండాకాలమంతా గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో ప్యూపాగా పడి ఉంటుంది. మృగశిర కార్తె అటూ ఇటూ గట్టి వాన ఒకటి పడితే చాలు, పొద్దుగూకే వేళకు తెల్లని రెక్కల పురుగులు గుంపులుగా లేస్తాయి. వాటి ముందు రెక్కల అంచున పసుపు గీత ఉంటుంది. అవి వెంటనే జతకట్టి ఆకుల మీద వందల గుడ్లు కుప్పగా పెడతాయి. నాలుగైదు రోజుల్లో పిల్లలు బయటపడతాయి. ఎదిగి ఒంటినిండా బొచ్చు వచ్చాక వాటికి మందు సరిగా పట్టదు. ఒక చేను మోడు చేసి, దండు కట్టి పక్క చేనుకు నడుస్తాయి. అందుకే రైతుకు అసలు అదను రెక్కల పురుగు ఎగిరే ఆ కొద్ది రాత్రులే.

ఆ రాత్రుల్లో వేసేవే తొలకరి మంటలు. గట్ల మీద పత్తికట్టె, కంప, పాత టైర్లు పోగేసి చీకటి పడగానే అంటిస్తారు. ఏడు మొదలు పది గంటల దాకా పురుగు వచ్చి పడుతూనే ఉంటుంది. మంట లేనిచోట లాంతరు పెట్టేవారు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, పైన కాస్త కిరోసిన్ చల్లి, మధ్యలో రాయి మీద లాంతరు నిలిపితే, దీపం చుట్టూ తిరిగిన పురుగు నీళ్లలో పడి చచ్చేది.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందన్నది పురుగు కంటిలో ఉంది. మనిషి కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుగునే పట్టగలదు. ఊదా రంగుకు ఆవల కూడా కిరణాలున్నాయని 1801లో జర్మనీలో రిట్టర్ కనిపెట్టాడు. అంతకు ముందు ఏడాదే ఎరుపుకు ఈవల ఉన్న వేడి కిరణాలను, అంటే పరారుణాన్ని, హెర్షెల్ గుర్తించాడు. ఊదాకు ఆవలి వెలుగు జీవులకు తెలుస్తుందని చూపింది మాత్రం ఇంగ్లండులో జాన్ లబ్బక్. చీమల గూటి మీద రంగుల పట్టీగా విడదీసిన వెలుగు పడేలా చేస్తే, మన కంటికి చీకటిగా ఉన్న ఆ అతినీలలోహిత భాగం నుంచే చీమలు తమ ప్యూపాలను ఆత్రంగా మోసుకుపోయాయి. 1882లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ ప్రయోగాలున్నాయి. రాత్రి ఎగిరే హాక్‌మాత్ కంటిలో 350, 450, 520 నానోమీటర్ల దగ్గర పదునుగా స్పందించే మూడు రకాల గ్రాహకాలున్నాయని తరవాత తేలింది. వీటిలో మొదటిది మనకు లేనేలేదు.

ఈ లెక్కన చూస్తే కట్టెల మంట నాసిరకం దీపమే. అది ఇచ్చేదాంట్లో అధికభాగం వేడి. అతినీలలోహితం దాదాపు సున్న. రెక్కల పురుగు ఆ వేడికే వస్తుందేమోనన్న ఊహ కూడా ఉంది. ఆడపురుగు వాసన అణువుల నుంచి వెలువడే పరారుణ కిరణాల్లాంటివే కొవ్వొత్తి నుంచీ వస్తాయని, మగపురుగు మోసపోతుందని 1977లో అమెరికాకు చెందిన ఫిలిప్ కాలహన్ వాదించాడు. అది నిలబడలేదు. వేడి బాగా తక్కువగా ఉండి అతినీలలోహితం నిండుగా ఉన్న దీపానికే పురుగు ఎక్కువ పడుతుంది మరి. పరారుణాన్ని నిజంగా పసిగట్టే జీవి కావాలంటే కొండచిలువను చూడాలి. దాని పెదవుల వెంట ఉన్న గుంటలు చీకట్లో వెచ్చని ఎరను గుర్తిస్తాయి. ఆ నరాల కొసల్లో పనిచేసే ట్రిప్‌ఏ1 అనే ప్రోటీన్ సంగతి 2010లో బయటపడింది. రెక్కల పురుగు దీపం చుట్టూ ఎందుకు గిరికీలు కొడుతుందో 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ, ఫ్లోరిడా పరిశోధకులు వేగవంతమైన కెమెరాలతో చూపారు. ఆకాశం ఎప్పుడూ నేలకంటే వెలుగుగా ఉంటుంది కనుక పురుగు తన వీపును వెలుగు వైపు ఉంచి ఎగురుతుంది. దీపం పక్కన ఆ అలవాటే దాన్ని కక్ష్యలో బంధిస్తుంది.

నాసిరకం దీపమైనా ఊరంతా వేసినప్పుడు పనిచేసింది. ఒక్క రైతే మంట వేస్తే చుట్టుపక్కల పురుగంతా అతని చేనుకే చేరుతుంది. పైగా చాలా జాతుల్లో దీపానికి మగవే ఎక్కువ పడతాయి. 1990ల మధ్యలో జనగామలోని క్రాప్స్ సంస్థ, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడ్పాటుతో, పల్లెల్లో ఈ సామూహిక మంటలను నడిపించింది. వేసవి దుక్కితో ప్యూపాలను పైకి తేవడం, చేను చుట్టూ జిల్లేడు కొమ్మలు పరిచి గొంగళ్లను అక్కడే ఆపడం కూడా ఆ పనిలో భాగమే. లింగాల ఘనపురం మండలం కళ్లెం శివారులోని ఏనెబావి ఇందులో చేరింది. 1997–98లో పత్తిని పొగాకు లద్దెపురుగు తినేసి, అప్పులతో వరంగల్ జిల్లా రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులవి. యాభై చిల్లర కుటుంబాలున్న ఏనెబావి క్రమంగా పురుగుమందులు, తరవాత రసాయన ఎరువులు కూడా మానేసి, 2006లో సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. పేరొచ్చింది సేంద్రియానికి. కానీ ఊరు ఒక్కటై పనిచేయడం మొదలైంది ఆ గొంగళి పురుగు మంటల దగ్గరే.

దీపాలూ మారాయి. 1950లో ఇంగ్లండులో రాబిన్సన్ సోదరులు పాదరసపు ఆవిరి దీపంతో ఎర తయారు చేశాక అతినీలలోహితం బలం అందరికీ తెలిసింది. ఇప్పుడు తెలంగాణ చేలలో కనిపించే సౌర దీపపు ఎరల్లో ఆ కిరణాలిచ్చే ఎల్‌ఈడీలే ఉంటాయి. రాత్రంతా వెలిగిస్తే మిత్రపురుగులూ చస్తాయి కాబట్టి మొదటి జాములోనే ఆర్పేయాలి.

మహబూబాబాద్ మిరప తోటల్లో కథ పగటిపూటది. తెల్లదోమకు పసుపు అట్టలు, తామర పురుగుకు నీలం అట్టలు జిగురు పూసి కడతారు. తెల్లదోమ విషయంలో అతినీలలోహితం ఎగరమంటుందని, పసుపు వాలమంటుందని 1962లో మౌండ్ గుర్తించాడు. 2021–22లో కొత్తగా వచ్చిపడ్డ నల్ల తామర పూలలో చేరి మిరపను ఎండగట్టినప్పుడు, మహబూబాబాద్, భూపాలపల్లి తోటలు నీలం అట్టలతో నిండిపోయాయి. ఉధృతి ముదిరాక అట్టలు పురుగు జాడ చెప్పడానికే తప్ప ఆపడానికి పనికిరావు.

భూపాలపల్లి జిల్లా మహదేవపూర్‌లో వెలుగుతో పని వేరు. అక్కడ మద్దిచెట్ల మీద దసలి పట్టు పురుగును పెంచుతారు. దానికి దగ్గరి చుట్టమైన చైనా ఓక్ పట్టుపురుగు మీద 1964లో విలియమ్స్, ఆడ్కిసన్ చేసిన ప్రయోగం చిత్రమైనది. ప్యూపాలను పలక రంధ్రాల్లో బిగించి తలకు ఒక నిడివి పగలు, తోకకు మరో నిడివి పగలు చూపారు. తల చూసిన పగటిని బట్టే ప్యూపా నిద్రలో ఉండాలా, లేవాలా అన్నది తేలింది. మెదడును తీసి పొట్ట చివర అతికిస్తే తోక వైపే వెలుగు తెలియసాగింది. అంటే కన్ను లేకుండా మెదడే, పైనున్న పారదర్శకపు పొర గుండా, పగటి నిడివిని కొలుస్తోంది. దసలిలో పగటి నిడివితో పాటు వేడి, తేమ కూడా పాత్ర వహిస్తాయి. వానాకాలపు తొలి పంట కాయల నుంచి కొద్ది వారాల్లోనే రెక్కల పురుగులు వస్తాయి. చలికాలంలో కోసినవి వేసవి దాటేదాకా మూసుకునే ఉంటాయి. పెంపకందారులు మరుసటి ఏటి విత్తనానికి దాచుకునేది ఈ కాయలనే.