గురి తప్పిన గుళ్ళు

మన చరిత్ర పుస్తకాల్లో గురి తప్పిన గుండుకి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: అదృష్టం. వెంట్రుకవాసిలో తప్పిపోయింది, దేవుడు కాపాడాడు, అంతే. తర్వాతి వాక్యంలో హంతకుణ్ణి పట్టుకుంటారు, ఆ తర్వాతి వాక్యంలో చంపేస్తారు. తగిలిన గుండుకైతే కారణాలు బోలెడు వెతుకుతాం. ఎవరు పంపారు, డబ్బెవరిచ్చారు, పగ ఏమిటి, మతం ఏమిటి. తగలని గుండు ఎందుకు తగల్లేదని మాత్రం ఎవరూ అడగరు. నాకు మొదట్నుంచీ ఇదొక లోటుగానే అనిపిస్తుంది.

నేనుండేది తార్నాకలో. స్టేట్ ఆర్కైవ్స్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి దక్కను ఫార్సీ కాగితాల దగ్గర్నుంచి ఆసఫ్‌జాహీల దస్త్రాల దాకా అక్కడున్నాయి. ఇటు తిరిగితే ఉస్మానియా. ఈ రెంటి మధ్యా తిరుగుతూ హైదరాబాదు పందొమ్మిదో శతాబ్దం గురించి చదువుతుంటే నాకు తరచూ ఎదురయ్యే సంఘటన ఒకటుంది. 1859 మార్చి. రెసిడెంటు కర్నల్ డేవిడ్‌సన్, దివాను సాలార్‌జంగ్ కలిసి నిజాం అఫ్జలుద్దౌలా దర్బారు నుంచి బయటికి వస్తున్నారు. అంతకు రెండేళ్ళ ముందే, 1857 జులైలో, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసి ఉన్నారు. ఊళ్ళో ఆ వేడి ఇంకా చల్లారలేదు. జహంగీర్ ఖాన్ అనే మనిషి వీళ్ళిద్దరి మీదా కార్బైన్ పేల్చాడు. కార్బైన్ అంటే గుర్రపు రౌతులు వాడే పొట్టి తుపాకి. గుండు ఇద్దరికీ తగల్లేదు, పరివారంలో ఒకడికి తగిలింది. కత్తి దూసి మీదికొచ్చిన జహంగీర్ ఖాన్‌ను అక్కడికక్కడే నరికేశారు. నరికేశారు గనక అతను చెప్పేది వినే అవకాశం పోయింది.

సరే, ఎందుకు తప్పింది?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పే పద్ధతి చరిత్రకారుల దగ్గర లేదు గానీ ఎన్‌సీసీలో ఉంది. క్యాడెట్‌కి .22 రైఫిలు ఇచ్చి ఐదు తూటాలు కాల్పిస్తారు. దాన్ని గ్రూపింగ్ ఫైర్ అంటారు. మధ్యలో తగిలిందా లేదా అని ఉస్తాద్ మొదట చూడడు. ఐదు చిల్లులూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తాడు. ఐదూ ఒకే చోట, కానీ మధ్యకి దూరంగా పడితే తప్పు చాలా మటుకు తుపాకి సైటుది, లేదా ఎప్పుడూ ఒకేలా చేస్తున్న పొరపాటుది. ఐదూ ఐదు దిక్కులకు పోతే ముందు మనిషిని చూడాలి. ఒక్క చిల్లు చూపించి కారణం అడిగితే ఏ ఉస్తాదూ చెప్పలేడు. జహంగీర్ ఖాన్ కాల్చింది ఒక్కటే.

చేతి తుపాకి విషయంలో ఇది ఇంకా చిక్కు. ముందు సైటుకీ వెనుక సైటుకీ మధ్య దూరం తక్కువ కావడమే దానికి కారణం. ఆరంగుళాల దూరమున్న రివాల్వర్‌లో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దగ్గర గుండు ఆరున్నర సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అదే తప్పు రెండడుగుల దూరమున్న రైఫిలులో చేస్తే ఒకటిన్నర సెంటీమీటరు చిల్లర. ఇంకో వింత చూడండి. చెయ్యి మొత్తం, తుపాకితో సహా, ఒక మిల్లీమీటరు పక్కకి ఊగితే గుండు పక్కకి పోయేది ఒక మిల్లీమీటరే. అంటే చెయ్యి వణకడం అంత పెద్ద తప్పేమీ కాదు, మణికట్టు మలగడం పెద్ద తప్పు. సినిమాల్లో వణికే చేతిని దగ్గర్నుంచి చూపిస్తారే, అదంతా మనల్ని మోసం చెయ్యడమే.

గచ్చిబౌలిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఒక షూటింగ్ రేంజి ఉంది. 2002లో మన దగ్గర జాతీయ క్రీడలు జరిగినప్పటిది. మరుసటి ఏడాది ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో గగన్ నారంగ్ సొంత ఊళ్ళోనే ఎయిర్ రైఫిల్ బంగారు పతకం కొట్టాడు. 2018లో పదమూడేళ్ళకే ఎయిర్ పిస్టల్ జాతీయ ఛాంపియన్ అయిన ఈషా సింగ్ కూడా ఈ ఊరి పిల్లే. నా మిత్రుడొకాయన కూతురు అక్కడికి వెళ్తుంది. ఓ రెండు నెలలుగా దాని గుళ్ళన్నీ కిందికీ ఎడమ వైపుకీ పోతున్నాయి. మావాడికి ఒకటే అనుమానం.

"పిస్టలే ఖరాబైంది సార్. కొత్తది కొందాం అనుకుంటున్నా."

కొత్తదంటే లక్షల్లో బేరం. ఇంటి మీద అప్పు తీసుకుందామా అన్నంత దూరం ఆలోచించి ఉన్నాడు.

కోచ్ మాట్లాడకుండా ఆ పిస్టల్ తీసుకుని తనే ఐదు గుళ్ళు కాల్చాడు. ఐదూ మధ్యలో, రూపాయి బిళ్ళతో మూసెయ్యొచ్చు. తర్వాత పిల్లని పిలిచి, గుండు వెయ్యకుండా ఉత్త ట్రిగ్గర్ నొక్కమన్నాడు. నన్ను పక్కన నిలబెట్టి ముందు సైటు కొసనే చూడమన్నాడు. ట్రిగ్గర్ పడే క్షణంలో ఆ కొస ఎడమకి, కిందికి చిన్నగా తల వంచింది.

"చూసినవా బాబాయ్?" అంది పిల్ల నాతో, ఏదో వేరేవాళ్ళ చెయ్యి గురించి చెప్తున్నట్టు.

కుడిచేతి వాటం వాళ్ళు ట్రిగ్గర్‌ని మెల్లగా పిండకుండా లాగితే గుండు సాధారణంగా ఎడమకీ కిందికీ పోతుంది. పేలుడు రాబోతోందని చెయ్యి ముందే బిగుసుకున్నా ఇంతే. తూటాలు పేల్చే పిస్టల్ అయితే, కోచ్‌లు తూటాల మధ్యలో ఒక డమ్మీ తూటా వేసి, చెప్పకుండా ఇస్తారు. అది పేలనప్పుడు గొట్టం కొస కిందికి కుంగితే దోషం బయటపడిపోతుంది. ఇవన్నీ దాటాకే సైటు మీద చెయ్యి వేస్తారు. గుండు ఎటు పోవాలో వెనుక సైటుని అటే జరపాలి, ముందు సైటునైతే దానికి ఎదురు వైపు. సైటు జరపలేని పాత రివాల్వర్లలో ఇంకో గొడవ ఉంది. వాటిని ఒక బరువు తూటాకి సరిపెట్టి తయారు చేస్తారు. అంతకన్నా బరువైన, మెల్లగా పోయే తూటా వేస్తే దగ్గరి దూరాల్లో పైకి తగులుతుంది. తూటా గొట్టం దాటేలోపు తుపాకి వెనక్కి తన్ని కొస పైకి లేచి ఉంటుంది కదా.

అయితే ఎప్పుడూ చేతిదే తప్పనుకోవడం కూడా అన్యాయమే. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయింగ్ మధ్యలో మనూ భాకర్ పిస్టల్ నిజంగానే పాడైంది. బాగు చేయించుకుని వచ్చేసరికి సమయం కరిగిపోయి, రెండు పాయింట్ల తేడాలో ఫైనల్ పోయింది. ఇక్కడ టీవీల ముందు కూర్చున్నవాళ్ళు ఆ పిల్ల గుండెధైర్యం గురించి ఎన్ని పాఠాలు చెప్పారో.

చరిత్రలోకి వద్దాం. 1932 ఫిబ్రవరి 6, కలకత్తా యూనివర్సిటీ స్నాతకోత్సవం. పట్టా పుచ్చుకోవడానికి వచ్చిన బీనా దాస్ గవర్నర్ స్టాన్లీ జాక్సన్ మీద ఐదు గుళ్ళు కాల్చింది. ఒక్కటీ తగల్లేదు. రివాల్వర్ తెచ్చిచ్చింది కమలా దాస్‌గుప్తా. వైస్ ఛాన్సలర్ హసన్ సుహ్రావర్దీ వచ్చి బీనాని పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళ జైలు పడింది. ఈ కథ చెప్పేవాళ్ళు జాక్సన్ ఒకప్పటి ఇంగ్లండు క్రికెట్ కెప్టెన్ అని, అందుకే చటుక్కున వంగాడని తప్పకుండా కలుపుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఐదు గుళ్ళంటే ఎన్‌సీసీ లెక్కలో పూర్తి గ్రూపు! మొదటిది నిలకడగా కాల్చింది, తర్వాతివి పెనుగులాటలో కాల్చినవి అయితే వాటిని వేరు చేసి చూడాలి. ఏ గుండు ఏ గోడకి తగిలిందో గీసిన పటం ఒక్కటి చాలు, జాక్సన్ చురుకుదనం వాటా ఎంతో, కొత్త చేతి వాటా ఎంతో అంచనా కట్టడానికి. రహస్యంగా పని చేసేవాళ్ళకి సాధన అనేది తూటాల ఖర్చు, పైగా చప్పుడు. ఆ కాలపు విప్లవకారుల్లో చాలామందికి రెండూ అందని వస్తువులే. మన దగ్గర చూడండి, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మొదట చేసిన పని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులూ తూటాలూ ఎత్తుకెళ్ళడం. అలా వచ్చిన తూటాని సైటు సరిచూసుకోవడానికి ఎవరు ఖర్చు పెడతారు?

1940 మార్చి 13న లండను కాక్స్‌టన్ హాల్లో ఉధమ్ సింగ్ ఆరు కాల్చాడు. ఓడ్వయర్ రెండు గుళ్ళకి చచ్చిపోయాడు. జెట్‌లండ్, లామింగ్టన్, లూయీ డేన్ గాయాలతో బయటపడ్డారు. వాళ్ళు బతకడానికి ఒక కారణం తూటాలు. పాతవి, ఆ రివాల్వర్ గొట్టానికన్నా సన్నవి. సన్న గుండు గొట్టంలోని మెలికల గాళ్ళను పట్టుకోదు, పక్కనుంచి గ్యాసు జారిపోతుంది, వేగం చస్తుంది. ఈ సంగతి మనకి తెలియడానికి ఒకటే కారణం. 1940 నాటికి తుపాకిని కూడా సాక్షిగా నిలబెట్టి పరీక్షించే అలవాటు కోర్టులకి వచ్చింది. తూటాల మీది గీతల్ని పోల్చి చూసే జంట మైక్రోస్కోపు వచ్చిందే 1920లలో.

సాలార్‌జంగ్ మీద రెండోసారి కాల్పులు జరిగినప్పుడు అలాంటిదేమీ లేదు. 1868 మొదట్లో దర్బారుకి వెళ్తుండగా ఆయన మీద ఒకటికి మించి గుళ్ళు పేలాయి. మళ్ళీ తప్పాయి. ఈసారి మనిషి ప్రాణాలతో దొరికాడు. అతని శిక్ష తగ్గించమని స్వయంగా సాలార్‌జంగే అడిగాడు, ఫలితం లేకపోయింది, చంపేశారు. కాల్చినవాడి చెయ్యి అలా పోయింది. ఇంకో పదిహేనేళ్ళు దివానుగిరీ చేసి సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలో కలరాతో పోయాడు.