మోకిల గజం, నిజాం నాటి రూపాయి

2023 ఆగస్టు 7న హైదరాబాద్ శివారు మోకిల లేఅవుట్‌లోని 50 ప్లాట్లను నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో వేలం వేసింది. గజానికి కనీస ధర 25 వేలు పెడితే పాట లక్షా ఐదు వేల దాకా పోయింది. మొత్తం 121.40 కోట్లు వచ్చాయి. ప్లాటు కొనడం తప్పని అనను. అది పొదుపో, వ్యాపారమో మాత్రం కొనేవాళ్లు ముందే తేల్చుకోవాలి. పొదుపైతే కష్టకాలంలో అక్కరకు రావాలి. వ్యాపారమైతే పైకం తిరుగుతుండాలి.

నిజాం కాలంలో ఈ రెండు పనులనూ వెండి రూపాయి ఒక్కటే చేసేది. హాలీ సిక్కా అనే ఆ రూపాయితో శిస్తు కట్టొచ్చు, సంతలో ఎద్దును కొనొచ్చు, మిగిలితే కుండలో దాచొచ్చు. వెండి కాబట్టి చాలామటుకు విలువ దానిలోనే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చింది. 1918లో హైదరాబాద్ ప్రభుత్వం చట్టం చేసి నోట్లు కూడా తెచ్చింది. కాగితం చేతులు మారడానికి తేలికే గానీ, కుండలో పెడితే చెద పడుతుంది. రాజ్యం దాటి సరుకు పంపే షావుకారుది ఇంకో చిక్కు. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవారు; ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీ రూపాయలు. మారకం లెక్క తప్పితే లాభం అక్కడే కరిగిపోయేది.

1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ తలుపులు తెరిచింది. ఉస్మానియా సిక్కా అని కూడా పిలిచే ఈ హాలీ రూపాయి నిర్వహణతో పాటు వ్యాపార బ్యాంకింగూ దాని పనే: ఒకరు దాచుకున్నది మరొకరి పెట్టుబడి అయ్యే ఏర్పాటు. 1959లో హాలీ చెల్లుబాటు పోయింది. పల్లెల్లో మాత్రం పొదుపంటే బంగారం, భూమి.

భూమిలో పంట ఉన్నంతకాలం అది పెట్టుబడి కూడా. హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్ రైతులు కూరగాయలు, పూలు పట్నానికి పంపుతూ చేతిలో డబ్బు ఆడించుకున్నారు. ప్లాటుగా మారిన నేల అమ్మే రోజు దాకా పైసా ఇవ్వదు. అమ్ముదామన్నా వీలుండాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 111, వాటి చుట్టుపక్కల 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. పట్టా చేతిలో ఉన్నా, పెళ్లికో ఆసుపత్రికో అవసరం పడితే, కట్టడి లేని పక్క ఊరి ధర ఆ భూములకు దొరికేది కాదు. నగరం తాగే నీటికోసం ఆ కట్టడి అవసరమే. దాని ఖర్చు మాత్రం ఆ 84 గ్రామాల రైతుల పొదుపులోంచే పోయింది.