విత్తు లేని గడ్డి

తోటలో గడ్డి కనిపించగానే పెరికివేయడము తోటమాలి మొదటి పని. అట్టి గడ్డిని పూలమొక్కల సరసన నిలిపినవారిలో జర్మనీ దేశస్థుడు కార్ల్ ఫోర్‌స్టర్ ముఖ్యుడు. ఆయన 1874లో బెర్లిన్ నగరములో జన్మించాడు. తండ్రి విల్‌హెల్మ్ ఫోర్‌స్టర్ ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు, బెర్లిన్ వేధశాల అధ్యక్షుడు. కుమారుని దృష్టి మాత్రము నేలమీదనే నిలిచింది. ఆయన పోట్స్‌డామ్ సమీపములోని బోర్నిమ్ గ్రామములో నర్సరీ నడిపాడు.

ఏటేటా పెరికి మరల నాటవలసిన మొక్కలకంటె, మంచుకు ఓర్చి ఏళ్లతరబడి బ్రతికే మొక్కలంటే ఫోర్‌స్టర్‌కు మక్కువ. 1930ల్లో హాంబర్గు వృక్షోద్యానములో ఒక గడ్డి ఆయన కంటపడింది. కంకులతో ఐదారు అడుగుల ఎత్తున నిటారుగా నిలిచే ఈ గడ్డి శాస్త్రీయ నామము కాలమాగ్రోస్టిస్ అక్యూటిఫ్లోరా. తోటలలో పెరిగే ఈ రకానికి తరువాత ఆయన పేరే నిలిచింది.

ఇది రెండు అడవి గడ్డిజాతుల సహజ సంకరము. వానిలో ఒకటి నేలలోపల కాండములను పాకించి చుట్టుపక్కల ఆక్రమించే మొండిగడ్డి. రెండవది పలుచని అడవులలో పెరిగేది. సంతానమైన ఈ గడ్డి మాత్రము కుదురు విడిచి పాకదు, మొలకెత్తే విత్తనము కట్టదు. రెండు జాతుల క్రోమోసోములు సరిగా జత కుదరనందున సంకరజాతులలో వంధ్యత్వము తరచు కలుగుతుంది. ఈ లోపమే తోటమాలికి లాభమైనది. విత్తులు రాలి కలుపుగా మొలుస్తాయనే భయము లేదు.

దీని పోషణ కష్టము కాదు. ఎండ తగిలే చోటు చాలును. బంకమట్టిలోను బ్రతుకుతుంది. వేసవి ఆరంభములో గులాబి ఛాయతో వచ్చిన కంకులు క్రమముగా బంగారు వన్నెకు తిరిగి చలికాలమంతా నిలుస్తాయి. చలికాలము చివర, కొత్త చిగురు రాకముందే, నేలకు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున కోసివేయాలి. సంవత్సరానికి ముఖ్యమైన పని ఇంతే.

అయితే విత్తు లేని మొక్క తనంతట తాను పొరుగుతోటకు పోలేదు. కుదురును పారతో చీల్చి, వేళ్లతో సహా వేరుచేసి ఎవరైనా నాటాలి. మన రైతు అరటిపిలకను నాటడము ఇట్టిదే. 1949లో పోట్స్‌డామ్ తూర్పు జర్మనీలో చేరింది. దేశము రెండైనా ఈ గడ్డి ప్రయాణము ఆగలేదు. 1957లో ఫోర్‌స్టర్ గడ్డిమొక్కలు, ఫెర్నులు తోటలలో ప్రవేశించిన తీరుపై పుస్తకము వెలువరించాడు. 1960ల్లో ఈ గడ్డి డెన్మార్కు మీదుగా అమెరికా చేరింది. 1970లో ఆయన 96వ ఏట మరణించాడు. 2001లో అమెరికాలోని బహువార్షిక మొక్కల సంఘము దీనిని ఆ సంవత్సరపు మేటి మొక్కగా ఎన్నుకున్నది.

ఈ రకపు కుదుళ్లన్నీ ఒకే మొక్క ముక్కలు. వాని జన్యుసంపద ఒక్కటే కనుక, ఒకదానిని చంపగల తెగులు అన్నింటికీ ముప్పే. శ్రమ తక్కువ అని పేరుపొందిన ఈ గడ్డిని ఇన్ని దేశాలకు చేర్చినది మనుష్యుల చేతిలోని పారయే. ఆ పారను పక్కన పెడితే దీని వంశము ఉన్నచోటనే ఆగిపోతుంది.