వ్రాసిన స్వరము – ఊదిన స్వరము

పాశ్చాత్యుల వాద్యబృందములో స్వరలిపియే శాసనమనియు, వాద్యకారునకు స్వేచ్ఛ యెంతమాత్రము లేదనియు మనలో పెక్కుమంది తలంతురు. మేమును చిరకాల మట్లే తలంచితిమి. చిత్తుప్రతిని అక్షరము తప్పక సాపు వ్రాయుటయే ఉద్యోగముగా ఏండ్లు గడపిన మాకు ఆ తలంపు సహజమే. అది పూర్తిగా నిజము కాదని ఒక క్లారినెట్టు కథ మాకు తెలిపినది.

1924వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన న్యూయార్కు నగరమందలి ఏయోలియన్ హాలులో పాల్ వైట్‌మన్ తన వాద్యబృందముతో ఒక కచేరీ జరిపెను. జార్జి గెర్ష్‌విన్ అను ఇరువదియైదేండ్ల యువకుడు రచించిన 'రాప్సొడీ ఇన్ బ్లూ' అందు తొలిసారి వినబడినది. దానిని ఆయా వాద్యములకు పంచి వ్రాసినవాడు ఫెర్డీ గ్రోఫే. ఆరంభమున క్లారినెట్టు ఒక్కటే పలుకును: క్రింది స్థాయిలో ఒక కంపితము, ఆపై పదునేడు స్వరముల ఆరోహణము. గెర్ష్‌విన్ వ్రాసినవి విడివిడి స్వరములే.

అభ్యాససమయమున రాస్ గోర్మన్ అను క్లారినెట్టు విద్వాంసుడు పై స్వరములను విడదీయక ఒకదానిలోనికొకటి జార్చి, ఏడ్పో నవ్వో తెలియరాని రీతిగా ఊదెను. పరిహాసమునకే అట్లు చేసెనని చెప్పుదురు. మన జారు గమకము వంటిదే యది. రంధ్రములమీది వ్రేళ్ళను మెల్లగా జరుపుచు, పెదవుల బిగువును గొంతుక పట్టును మార్చుచు సాధింపవలసిన పని. రచయిత కోపగింపలేదు, అట్లే వాయింపుమని కోరెను. ఆ కచేరీలో పియానో వాయించిన గెర్ష్‌విన్ సయితము తన భాగమును కొంత వ్రాయకయే యుంచెను. తాను తల యూపువరకు వేచియుండవలెనని నాయకుని ప్రతిలో సూచన మాత్ర ముండెను.

నాడు ఒకని చనువుగా పుట్టినది నేడు అందరికి కట్టడియైనది. ఆ జారు లేక విడిస్వరము లూదినచో శ్రోతలు పొరపాటనుకొందురు. అయినను ఎచ్చట జారుట మొదలిడవలెను, ఎంతసేపు సాగదీయవలెను అనునది నేటికిని ఊదువాని వశమే. బయలుదేరు స్వరము, చేరవలసిన తారస్థాయి స్వరము మాత్రము మారరాదు. ఆ శిఖరమును శ్రుతి తప్పి చేరినచో, వెంటనే అందుకొను బృందముతో పొసగదు.

ఈ నీతి మనకు క్రొత్తది కాదు. తమిళదేశమున తిరువైయారులో నివసించి, తెలుగున కృతులు రచించి, 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కీర్తనలు వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లైస్థానము శిష్యపరంపరలలో వేర్వేరు సంగతులతో నిలిచినవి. సంగతులు వేరైనను కృతి ఒక్కటే.

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో, పిల్లల తెలుగున కన్నడపు యాసయో తమిళపు తూగో ఒడియా, మరాఠీల పోకడయో వినబడినప్పుడు పెద్దలము ముఖము చిట్లింతుము. మేమును మందలించినవారమే. మందలింపునకు జంకి ఒక బిడ్డ తెలుగు పలుకుటయే మానుట చూచిన పిదప ఆ అలవాటు విడిచితిమి. ఇప్పుడా యాసను జారుగానే వినుచున్నాము. బయలుదేరిన చోటును, చేరవలసిన స్వరమును వారికి చక్కగా నేర్పి, నడిమి దారిని వారికే విడుచుట మేలని మా తలంపు.