నేర్చుకున్నవాళ్లు కట్టిన భాష

ఆఫ్రికాన్స్ మొదలుపెట్టినవాళ్లకు మొదటి వారంలోనే ఒక సంతోషం దొరుకుతుంది. క్రియకు ఒకటే రూపం. ‘ఎక్ ప్రాట్’ అంటే నేను మాట్లాడతాను, ‘యేయ్ ప్రాట్’ అంటే నువ్వు మాట్లాడతావు, ‘హుల్లె ప్రాట్’ అంటే వాళ్లు మాట్లాడతారు. తాను, తావు, తాడు, తుంది, తారు అని మనం మార్చుకుంటూ పోయేదంతా అక్కడ లేదు. నామవాచకాలకు లింగభేదమూ లేదు. భూతకాలం కావాలంటే ‘హెట్’ చేర్చి, క్రియకు ముందు ‘ఖె’ తగిలిస్తే చాలావరకు పని జరిగిపోతుంది: ‘ఎక్ హెట్ ఖెప్రాట్’, నేను మాట్లాడాను. ఈ భాషకు తల్లి డచ్చి. తల్లికి క్రియారూపాలు బోలెడున్నాయి. కూతురికి వచ్చేసరికి అవి ఎందుకు రాలిపోయాయో తెలియాలంటే దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ రేవు దాకా వెళ్లాలి.

1652 ఏప్రిల్‌లో యాన్ ఫాన్ రీబెక్ అనే డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఆ తీరంలో దిగాడు. ఆసియాకు వెళ్లివచ్చే ఓడలకు మంచినీళ్లు, కూరగాయలు, మాంసం అందించే మజిలీ కట్టడం అతని పని. ఆ కంపెనీ మన తీరానికి కొత్తది కాదు. అప్పటికే మచిలీపట్నంలో దశాబ్దాలుగా వర్తకం చేస్తోంది. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. మజిలీలో పనిచేయడానికి మనుషులు చాలక కంపెనీ బానిసలను తెచ్చింది. 1808 వరకు కేప్‌కు చేరినవాళ్లు సుమారు 63 వేల మంది అని చరిత్రకారుల అంచనా. మడగాస్కర్, మొజాంబిక్, ఇండోనేసియా దీవులు, బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరం నుంచి వాళ్లను పట్టుకొచ్చారు. దాదాపు నాలుగో వంతు మంది మన ఉపఖండం వాళ్లే. దస్తావేజుల్లో వాళ్ల పేర్ల వెనక ‘ఫాన్ బెంగాలెన్’, ‘ఫాన్ కోరమాండల్’ అని పుట్టినచోటు కనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడిన భాషతో గుమాస్తాకు పని లేదు.

వీళ్లు తమలో తాము మలయ్‌లోనో, రేవుల్లో నలిగిన పోర్చుగీసులోనో మాట్లాడుకునేవారు. పశువుల మందలతో ముందునుంచీ అక్కడున్న ఖొయ్‌ఖొయ్ ప్రజలకు వాళ్ల భాషలు వాళ్లకున్నాయి. యజమానితో మాట్లాడాలంటే మాత్రం అందరికీ డచ్చి కావాలి. పెద్దవయసులో, బడి లేకుండా, పంతులు లేకుండా, తప్పు మాట్లాడితే తిట్లు తింటూ నేర్చుకున్న డచ్చి అది. అలా నేర్చుకునేవాళ్లు ముందు వదిలేసేది క్రియల చివరి తోకలనే. యజమానుల పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగారు కనుక ఆ మాటే వాళ్లకూ అబ్బింది. డచ్చి మాండలికాలు తమంతట తామే ఇలా మారాయని వాదించిన పండితులూ ఉన్నారు. వర్ణవివక్ష రోజుల్లో ఆ వాదానికే పీట వేశారు. కొంత నిజం అందులో ఉండవచ్చు గానీ, భాషను దగ్గరగా చూస్తే అదొక్కటే సరిపోదు.

‘చాలా’ అనడానికి నేటి ఆఫ్రికాన్స్‌లో రోజుకు వందసార్లు వినిపించే ‘బాయ’ మలయ్ ‘బన్యక్’ నుంచి వచ్చింది. అరటిపండు ‘పీసాంగ్’, సాసరు ‘పీరింగ్’ కూడా మలయ్ మాటలే. పురుగుకు ‘ఖొఖ’ అనే పేరు ఖొయ్‌ఖొయ్ ఇచ్చింది. అక్కడి ‘అచార్’ ఏమిటో మనకు చెప్పక్కర్లేదు. వ్యాకరణంలో ఇంకా చిత్రాలున్నాయి. మనం త్వరత్వరగా అన్నట్టు వాళ్లు ‘ఖౌఖౌ’ అంటారు. అక్కడక్కడ అనడానికి చోటు అనే మాటను రెట్టించి ‘ప్లెక్‌ప్లెక్’ అంటారు. పుస్తకం చదివాను అనేటప్పుడు మనం ‘ని’ వాడకపోయినా, మనిషి దగ్గరికి వచ్చేసరికి అతన్ని చూశాను అని చేర్చుతాం కదా! ఆఫ్రికాన్స్ మాటల్లోనూ మనిషి కర్మగా వస్తే ముందు ‘ఫిర్’ పెడతారు: ‘ఎక్ సీన్ ఫిర్ హోమ్’. డచ్చిలో ఈ అలవాటు లేదు. ఆసియా రేవుల పోర్చుగీసు నుంచి వచ్చిందని కొందరు భాషావేత్తల అభిప్రాయం. తెలుగువాడికి ఈ పాఠం ఇంగ్లీషువాడికన్నా తేలిగ్గా ఎక్కుతుంది.

కష్టపెట్టేవి రెండు. ‘గ’ రాసినచోట గొంతులోంచి రాపిడితో పలకాలి, పాతబస్తీలో ‘ఖుదా హాఫిజ్’ అన్నప్పుడు వినిపించే ఖకారంలా. రెండోది, వ్యతిరేకార్థంలో ‘నీ’ రెండుసార్లు రావడం: ‘ఎక్ ప్రాట్ నీ ఆఫ్రికాన్స్ నీ’. మొదటి ‘నీ’ చెప్పి వాక్యం చివర రెండోది మరిచిపోవడం కొత్తవాళ్లందరూ చేసేదే. దాని పుట్టుక మీద పండితులు ఇంకా తేల్చుకోలేదు.

యజమానులు దీన్ని వంటింటి భాష అని ఈసడించారు. దాన్ని మొదట శ్రద్ధగా కాగితం మీద పెట్టినది కేప్ ముస్లింలు, అదీ అరబిక్ లిపిలో. 1793లో కేప్ టౌన్ డోర్ప్ వీధిలో తువాన్ గురు అనే మతగురువు స్థాపించిన మదరసా తరవాత, పిల్లలు విని రాసుకున్న నోటుపుస్తకాలతో ఒక సంప్రదాయమే నడిచింది. 1860ల్లో ఆటోమన్ ప్రభుత్వం పంపగా వచ్చిన అబూబకర్ ఎఫెందీ ఈ భాష నేర్చుకుని మతధర్మాల మీద ‘బయానుద్దీన్’ రాశాడు. అది 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. అచ్చులన్నిటికీ గుర్తులు పెట్టి రాసిన పుస్తకం కావడంతో, ఆనాటి కేప్ వీధుల్లో మాట ఎలా పలికేవారో తెలుసుకోవడానికి పరిశోధకులు నేటికీ దాన్ని తిరగేస్తారు.

అంతకు రెండేళ్ల ముందే, 1875 ఆగస్టులో, పార్ల్ పట్టణంలో తెల్లవాళ్లు కొందరు ‘నిజమైన ఆఫ్రికానర్ల సంఘం’ పెట్టుకున్నారు. మరుసటి ఏడాది పత్రిక తెచ్చారు, ఎస్.జె. డు టోయిట్ తొలి వ్యాకరణ పుస్తకం వేశాడు. ఇంగ్లీషు పెత్తనానికి ఎదురు నిలవడం వాళ్ల లక్ష్యం, అందులో న్యాయముంది. అయితే ఆ ‘నిజమైన’ అనే విశేషణంతోనే ఆయాల, బానిసల వాటా లెక్కలోంచి జారిపోయింది. తరవాతి మెట్లు చకచకా ఎక్కారు. 1925లో అధికార భాష హోదా వచ్చింది, 1933లో బైబిల్ వచ్చింది. 1948లో నేషనల్ పార్టీ గెలిచాక రైల్వే కౌంటరు నుంచి పోలీస్ స్టేషను దాకా ఆఫ్రికాన్స్ ప్రభుత్వం గొంతు అయింది. 1975 అక్టోబరులో పార్ల్ కొండ మీద ఈ భాషకు ఒక స్మారకమే కట్టారు.

ఎనిమిది నెలలకే సొవెటో అనే నల్లజాతి పేట రగిలింది. నల్లజాతి పిల్లలు లెక్కలు, సాంఘికశాస్త్రం ఆఫ్రికాన్స్‌లోనే చదవాలని విద్యాశాఖ ఆదేశం. చెప్పే టీచర్లకే ఆ భాష సరిగా రాదు. 1976 జూన్ 16న వేలమంది విద్యార్థులు ఊరేగింపుగా బయల్దేరారు. పోలీసులు కాల్పులు జరిపారు. పిల్లలు చనిపోయారు. జూలైలో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. కానీ పీడకుల భాష అన్న ముద్ర మాత్రం అలాగే మిగిలిపోయింది. అదే కాలంలో రాబెన్ దీవి జైల్లో నెల్సన్ మండేలా ఆఫ్రికాన్స్ పాఠాలు చదువుకుంటున్నాడు, తోటి ఖైదీలనూ చదవమంటున్నాడు. కాపలావాడి మనసు తెలియాలన్నా, రేపు బేరం కుదరాలన్నా ఆ భాష కావాలని ఆయన లెక్క. ఒకే భాషను ఒకరు బలవంతం కింద తిరస్కరించారు, ఇంకొకరు సంకెళ్లలో ఉండి ఎంచుకున్నారు. రెండూ సబబే.

దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం 11 అధికార భాషల్లో ఆఫ్రికాన్స్‌ను ఒకటి చేసింది. ప్రోత్సహించాల్సిన సమాజభాషల జాబితాలో అదే రాజ్యాంగం తెలుగునూ పేర్కొంది. 1860 నుంచి నటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల వారసుల కోసం. 2022 జనగణనలో ఇంట్లో ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్లు 10.6 శాతం. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు కారు. కేప్ ఫ్లాట్స్ పేటల్లో పెరిగిన మాట ‘కాప్స్’. దాన్ని బడిలో తప్పుల కుప్పగా చూసేవారు. 2021లో దానికి మూడు భాషల నిఘంటువు పని మొదలైంది. పశ్చిమ కేప్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో పాటు హిప్‌హాప్ కళాకారులూ అందులో ఉన్నారు. ఇవాళ కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి వచ్చే పాఠ్యపుస్తకం ఇంకా పార్ల్ దారిదే. దానితో క్రియలు, రెండు ‘నీ’లు పట్టుబడ్డాక, కేప్ టౌన్ షేర్ టాక్సీలో కూర్చుంటే సగం మాటలు అర్థం కావు. మిగతా సగం అక్కడి జనం దగ్గరే నేర్చుకోవాలి.