మోటారుకారులో రేడియో: పాత తీగలు, కొత్త పెట్టె

ఇంటిలోని రేడియోను మార్చుట సులభము. గోడనున్న ప్లగ్గు ఊడదీసి, పాత సెట్టును దింపి, కొత్తదానిని బల్లపై నుంచినచో పని ముగియును. మోటారుకారులో అట్లు కాదు. పాత కార్లలో రేడియో తీగలు బండి తీగలతో నేరుగా పెనవేసికొని యుండును. అట్టి సెట్టును తీసి కొత్తది పెట్టదలచినవారు పనిముట్టు పట్టుటకు ముందు దాని చరిత్రను కొంత తెలిసికొనుట మేలు.

కారు రేడియోకు ప్రసిద్ధి తెచ్చినవారిలో ముఖ్యుడు షికాగో నగరమునకు చెందిన పాల్ గాల్విన్. 1930 జూన్ నెలలో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల మహాసభ జరిగినది. లోపలి ప్రదర్శనలో గాల్విన్‌కు చోటు లేదు. అతడు తన కారులోనే రేడియోను అమర్చుకొని వచ్చి, సభాభవనము వెలుపల నిలిపి, వచ్చిపోవువారికి వినిపించెను. ఆ సెట్టుకు పెట్టిన మోటరోలా అను పేరే 1947లో అతని కంపెనీకి కూడ పేరైనది. ఐరోపాలో 1932లో బ్లౌపుంక్ట్ వారి సెట్టు వెలువడినది. దాని వెల 465 మార్కులు. నాటి కారు వెలలో సుమారు మూడవ వంతు.

ఆ దినములలో కారులో రేడియో నమర్చుట శస్త్రచికిత్స వంటి పని. వాల్వులకు సుమారు 200 వోల్టుల విద్యుత్తు కావలెను. కారు బ్యాటరీ ఇచ్చునది 6 వోల్టులే. తొలుత ఇందుకై ప్రత్యేకముగా పొడి బ్యాటరీలను మోయవలసి వచ్చెను. తరువాత వైబ్రేటరు అను పరికరము వచ్చి, బ్యాటరీ విద్యుత్తును క్షణక్షణము త్రెంపుచు కలుపుచు, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా దానిని పెంచి ఇచ్చుటకు తోడ్పడినది. స్పార్కు ప్లగ్గుల రొద వినబడకుండ నిరోధకములను తగిలింపవలసి యుండెను. ఒక బండి కొలత మరియొక దానికి కుదరదు. అందుచే పనివారు ఏ బండికి ఆ బండిని కోసి, అతికి, ముడివేసి పని గడుపుకొనిరి.

1955లో ఫిల్కో, క్రైస్లరు కంపెనీలు కేవలము ట్రాన్సిస్టర్లతో నడచు కారు రేడియోను ప్రకటించినవి. వాల్వులతో బాటు వైబ్రేటరు కూడ అనవసరమైనది. 1963లో ఫిలిప్స్ వారి క్యాసెట్టు వెలువడి, ఆ దశకము ముగియులోపల కారులో ప్రవేశించెను. పిదప డిస్కు వచ్చినది. అయితే మార్పిడిని సులభము చేసినది ఈ యంత్రములు కావు, ఒక కొలబద్ద. జర్మనుల ప్రమాణమును 1984లో అంతర్జాతీయ ప్రమాణముగా స్వీకరించిరి: సెట్టు దూరు కంత 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. తీగల ప్లగ్గులకు కూడ తరువాత ప్రమాణ మేర్పడినది.

అంతకు ముందటి కారులో కొత్త సెట్టు పెట్టువారు మూడు విషయములను గమనింపవలెను.

మొదటిది, బ్యాటరీ. 1960 దశకము వరకు పెక్కు బ్రిటిషు కార్లలో బ్యాటరీ ధనధ్రువమునే బండి దేహమునకు కలిపెడివారు. నేటి సెట్లకు ఋణధ్రువము దేహమునకు చేరవలెను. ఇది చూడక తగిలించినచో సెట్టు కాలిపోవును.

రెండవది, స్పీకరు. పాత సెట్లు అనేకము స్పీకరుకు ఒకే తీగ నిచ్చి, రెండవ మార్గముగా బండి దేహమునే వాడుకొనెను. నేటి సెట్లలో ఒక్కొక్క స్పీకరుకు వచ్చు రెండు తీగలును సజీవములే; ఏదియు దేహమునకు తగులరాదు. కావున కొత్త తీగలను జంటగా లాగుటయే క్షేమము.

మూడవది, విద్యుత్తు. పాతదానికి ఒక్క తీగ చాలెను. కొత్తదానికి రెండు కావలెను: స్టేషనుల జ్ఞాపకమును నిలుపుటకు నిరంతర మొకటి, తాళముతో పనిచేయునది మరొకటి. సాధారణముగా పసుపు తీగ మొదటిది, ఎరుపు రెండవది, నలుపు దేహమునకు. ఎరుపును కూడ నిరంతరపు తీగకే ముడివేసినచో, సెట్టు ఆర్పుట మరచిన రాత్రి బ్యాటరీ అడుగంటును. ఫ్యూజు లేకుండ ఏ తీగయు ఉండరాదు.

మన దేశమున 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లను ఇప్పటికిని మమకారముతో కాపాడుకొనువారు కలరు. ఎఫ్.ఎం. ప్రసారములు మదరాసులో 1977లో ఆరంభమైనవి. మీడియం వేవు మాత్రమే పట్టు పాత సెట్టుకు అవి అందవు. కనుక మార్పు కోరుట తప్పు కాదు. కాని కొత్త పెట్టె కొరకు డాష్‌బోర్డును రంపముతో కోసినచో ఆ రేకు మరల అతుకదు. పాత ముఖమును అట్లే యుంచి లోపలి యంత్రమును మార్చుట, లేక కొత్త సెట్టును వస్తువుల అరలో దాచుట మేలైన మార్గములు. తీసిన సెట్టును పారవేయక, ఏ తీగ ఎచ్చటిదో చీటీ కట్టి భద్రపరుపవలెను.

నేటి కార్లలో రేడియో మరల విడదీయరాని భాగమైనది. పాట, దారిపటము, చల్లని గాలి అన్నియు ఒకే తెరలో నిమిడినవి. ఏబదియేండ్ల తరువాత దానిని మార్చదలచువాడు కూడ మన చీటీ వంటిదాని కొరకే వెదకును.