పీపాలో మంచినీళ్ళు

సముద్రయానాల చరిత్ర చదువుతుంటే ఎవరు ఏ ఖండం కనుక్కున్నారు, ఎవరు ఎవరి మీద యుద్ధానికెళ్ళారు, ఇదే గోల. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే డౌటు. నెలల తరబడి నడిసముద్రంలో అంతమంది ఏం నీళ్ళు తాగి బతికారు?

కంపు నీళ్ళు! పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు ఓడల్లో మంచినీళ్ళు చెక్క పీపాల్లో నింపి అడుగున పేర్చేవాళ్ళు. లండన్లో బయల్దేరితే థేమ్స్ నీళ్ళే. కొన్ని వారాలకి పాచి పట్టి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కుళ్ళటానికి ఇంకేమీ మిగలకపోతే అవే నీళ్ళు కాస్త తేరుకునేవట. ఖాళీ పీపాల్లో బరువు కోసం ఉప్పునీళ్ళు పోయటం, రేవు రాగానే వాటిల్లోనే మళ్ళీ మంచినీళ్ళు పట్టటం మరో ఘనకార్యం. బ్రిటిష్ నేవీ మనిషికి రోజుకో గాలన్ బీరు ఇచ్చిందంటే ఊరికే కాదు, అది నీళ్ళకంటే నిలవుండేది మరి.

అన్నట్టు, డెక్ మీద తాగునీళ్ళకి పెట్టే పీపాని స్కటిల్‌బట్ అనేవాళ్ళు. దాని చుట్టూ చేరి కబుర్లాడీ కబుర్లాడీ ఇంగ్లీషులో ఆ మాటకి పుకారు అనే అర్థం వచ్చింది. కసాండ్రా డేటాబేస్‌లో నోడ్లు ఒకదాని సంగతి ఒకదానికి చేరవేసుకునే గాసిప్ పద్ధతికి మూలమైన అల్గారిథం పేరూ అదే. మన ఆఫీసు వాటర్ కూలర్ గురించి వేరే చెప్పాలా :)

సరే, ఈ కంపుకి విరుగుడు వెతికినవాళ్ళలో చాలామంది ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం వెనకాల పడ్డారు. సముద్రపు నీళ్ళు మరిగించి ఆ ఆవిరిని చల్లారిస్తే చాలు, ఏ మందూ కలపక్కర్లేదని జేమ్స్ లిండ్ అనే నేవీ డాక్టరు 1760ల్లోనే చెప్పాడు. 1772లో ఆ తరహా పరికరానికే చార్లెస్ ఇర్వింగ్‌కి పార్లమెంటు 5000 పౌన్లు ఇచ్చింది. ఐడియా ఒకరిది, అప్రైజల్ ఇంకొకరిది.

కెప్టెన్ కుక్ తన రెండో యాత్రలో దాన్ని వెంట తీసుకెళ్ళి, పనికొస్తుంది గానీ పూర్తిగా దాన్నే నమ్ముకోవద్దన్నాడు. మరిగించాలంటే బొగ్గో కట్టెలో కావాలి, అవీ ఓడే మోయాలి కదా. 1773 జనవరిలో అంటార్కిటికా వైపు వెళ్తూ మంచు దిమ్మెలు పైకి లాగించి, అంటుకున్న ఉప్పునీరు కారిపోయేదాకా డెక్ మీద ఉంచి కరిగిస్తే, ఒక్కరోజు శ్రమకి 15 టన్నుల మంచినీళ్ళు వచ్చాయి.

అసలు కంపు వదిలింది మాత్రం పాత్ర మార్చటంతో. 1790ల్లో శామ్యూల్ బెంథామ్ తన ప్రయోగ నౌకల్లో లోపల లోహపు రేకు తొడిగిన ట్యాంకులు పెట్టించాడు. 1815 ప్రాంతం నుంచి నేవీలో ఇనప ట్యాంకులొచ్చాయి. గుండ్రటి పీపాల మధ్య వృధా అయ్యే చోటు కూడా కలిసొచ్చింది. తుప్పుకి నీళ్ళ రంగు మారేది గానీ వాసన లేదు. ఇంత పని చేసిన ట్యాంకుల గురించి చరిత్ర పుస్తకాల్లో రెండు లైన్లుంటే గొప్ప. డెవలప్‌మెంట్‌కున్న గ్లామర్ సపోర్ట్ ప్రాజెక్టుకి ఎక్కడిది!

ట్యాంకు తర్వాత పడవల్లోకి పంపులు, పైపులు, కుళాయిలు, గీజర్లు కూడా వచ్చాయి. వీటికి శత్రువు చలి. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, పైపు పగులుతుంది. అందుకే మిషిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల శీతాకాలం ముందు ట్యాంకు, గీజరు ఖాళీ చేస్తారు. గీజర్‌ని పక్కకి తప్పించి, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన గులాబీరంగు ద్రవాన్ని పంపుతో ఎక్కించి, ఒక్కో కుళాయిలో, వేడినీళ్ళ వైపూ చన్నీళ్ళ వైపూ గులాబీరంగు వచ్చేదాకా వదులుతారు. కారు రేడియేటర్లో వాడే ఇథిలీన్ గ్లైకాల్ మాత్రం విషం, తాగునీళ్ళ పైపుల్లోకి పోనివ్వకూడదు. వసంతంలో అంతా కడిగి, క్లోరిన్ నీళ్ళు నింపి ఉంచి, మళ్ళీ కడగాలి. ఇంత చేసీ వెనకవైపు డెక్ మీదుండే చేతిషవర్ని మర్చిపోతే, ఆ సంగతి ఏప్రిల్లో పంపు ఆన్ చేసినప్పుడు తెలుస్తుంది.